చెవి ట్రైనింగ్‌కి ఏ టూల్ తీసుకోవాలి? కీబోర్డ్ వాయిస్తా, మిక్సింగ్ కూడా నేర్చుకుంటున్నా

నల్లమెట్లు_తెల్లమెట్లు

అందరికీ నమస్తే. నేను విజయవాడలో ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తాను, పెళ్ళిళ్ళు, రిసెప్షన్లు, దసరా ప్రోగ్రాములు అన్నీ చేస్తాం. చిన్నప్పుడు వర్ణాల దాకా గాత్రం నేర్చుకున్నా, డిగ్రీలో చేరాక ఆగిపోయింది. ఈమధ్య ఇంట్లో రీపర్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) పెట్టుకుని కవర్ సాంగ్స్, భక్తి పాటలు రికార్డ్ చేసి మిక్స్ చేయడం మొదలుపెట్టా.

రెండు రకాల ప్రాబ్లమ్స్. ఒకటి, స్టేజీ మీద సింగర్ ఉన్నట్టుండి ప్రాక్టీస్ చేయని పాట ఎత్తుకుంటే మెలొడీ వెంటనే దొరికేస్తుంది కానీ కార్డ్స్ (పాట వెనక కలిపి నొక్కే స్వరాల గుంపులు) దొరకవు, రెండో చరణం వచ్చేదాకా తడుముకోవాల్సి వస్తుంది. పర్ఫెక్ట్ ఇయర్ యాప్‌లో ఇంటర్వల్స్ రోజూ చేస్తున్నా, అందులో స్కోర్ బాగానే వస్తుంది, స్టేజీ మీద మాత్రం ఆ స్కోర్ ఎక్కడా కనిపించట్లేదు. రెండోది, మిక్స్‌లో గొంతు ఏదో డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంది అని తెలుస్తుంది గానీ అది ఏ ఫ్రీక్వెన్సీ అన్నది తెలీదు, ఈక్యూ (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచే, తగ్గించే టూల్) ఓపెన్ చేసి అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటా.

సౌండ్‌జిమ్, ట్రెయిన్ యువర్ ఇయర్స్, క్విజ్‌టోన్స్, ఇయర్‌మాస్టర్, ఫంక్షనల్ ఇయర్ ట్రైనర్ ఇలా చాలా పేర్లు విన్నా. అన్నీ కొనే స్తోమత లేదు, ఒకటో రెండో తీసుకుని గట్టిగా పట్టుకోవాలి అనుకుంటున్నా. క్లోజ్‌డ్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ ఉన్నాయి, స్పీకర్లు కూడా ఉన్నాయి కానీ రూమ్ 10 బై 10. మీరైతే ఏం తీసుకుంటారు, ఎందుకు?

---

గమకం

తమ్ముడూ, నువ్వు గాత్రం నేర్చుకున్నావు అన్నావు చూడు, నీకు అదే పెద్ద ఆస్తి, ఆ ఇంటర్వల్ యాప్ దాన్ని వాడుకోనివ్వట్లేదు. నేను వయొలిన్ నేర్పిస్తాను, పిల్లల్లో కూడా ఇదే చూస్తుంటాను.

ఇంటర్వల్ డ్రిల్ అంటే ఏం చేస్తుంది, రెండు స్వరాలు వినిపించి మధ్య దూరం ఎంత అని అడుగుతుంది, ఆధార షడ్జం ఏదో చెప్పదు. కానీ పాటలో మన చెవి దూరాలు కొలవదు కదా. స నుంచి అంతర గాంధారానికి నాలుగు మెట్లు (నల్లవీ తెల్లవీ కలిపి), ప నుంచి కాకలి నిషాదానికీ నాలుగే మెట్లు, యాప్ రెండిటికీ మేజర్ థర్డ్ అనే చెప్తుంది. పాడి చూడు, గాంధారం వచ్చి నిలబడుతుంది, నిషాదం పై షడ్జానికి లాగుతుంది, రెండూ ఒకేలా ఎక్కడ వినిపించాయి? నీకు చిన్నప్పటి నుంచీ వచ్చింది ఈ రెండో రకం వినికిడి. అందుకే మెలొడీ వెంటనే దొరుకుతోంది.

కాబట్టి నా ఓటు ఫంక్షనల్ ఇయర్ ట్రైనర్‌కి, ఫోన్‌లో ఫ్రీగా దొరుకుతుంది. అది ముందు ఒక కేడెన్స్ (శృతి ఏదో తెలిపే కొన్ని కార్డ్స్) వాయించి శృతి చెవిలో కూర్చోబెడుతుంది, తర్వాత ఒకే ఒక్క స్వరం వినిపించి ఇది స్కేల్‌లో ఎన్నోది అని అడుగుతుంది, జవాబు చెప్పాక ఆ స్వరాన్ని మెట్టు మెట్టుగా షడ్జానికి తీసుకెళ్ళి చూపిస్తుంది. రి అయితే కిందికి స దగ్గరికి, ప అయితే ప ద ని స అని పైకి. మనవాళ్ళు తంబురా పెట్టి చేయించేది ఇదే పని. 1 2 3 అని కనిపించిన చోట మనసులో స రి గ అనుకో, గొంతెత్తి పాడి తర్వాత బటన్ నొక్కు. పాడకుండా నొక్కితే సగం ఫలితమే.

ఇక కార్డ్స్. మెలొడీ వదిలేసి బేస్ ఏ స్వరం మీద ఉందో అది పట్టుకో. మేజర్ స్కేల్ పాట అయితే బేస్ స మీద ఉంటే స గ ప, మ మీద ఉంటే మ ద స, ప మీద ఉంటే ప ని రి, ద మీద ఉంటే ద స గ అది మైనర్. మన సినిమా పాటల్లో చాలా భాగం ఈ నాలుగింటి చుట్టూ తిరిగేవే. ఒక్క జాగ్రత్త, బేస్ గ మీద ఉన్నంత మాత్రాన గ మైనర్ అయిపోదు, స కార్డ్‌నే బేస్‌లో గాంధారం పెట్టి వాయిస్తుంటారు, అక్కడ ని వినిపిస్తోందా స వినిపిస్తోందా అని వెతకాలి. ఇలా స్వరాల్లో ఆలోచిస్తే సింగర్ ఒకటిన్నర శృతి అన్నా ఐదు అన్నా నీ లెక్క మారదు, వేళ్ళు మాత్రమే మారతాయి. ట్రాన్స్‌పోజ్ బటన్ కూడా ఇంట్లో ప్రాక్టీస్‌లో వాడకు, అది వాడినన్నాళ్ళు చెవికీ వేళ్ళకీ లంకె పడదు.

ఇయర్‌మాస్టర్ మంచిదే, రిథమ్ డిక్టేషన్, నొటేషన్ చూసి పాడటం అన్నీ ఉంటాయి, ట్రినిటీ లాంటి గ్రేడ్ పరీక్షలు రాసేవాళ్ళకి ఆరల్ టెస్ట్‌కి పనికొస్తుంది, నీ అవసరానికి ఇప్పుడు డబ్బు పెట్టక్కర్లేదు అని నా అభిప్రాయం.

ఇంకో మాట. ఈ యాప్‌లన్నీ కీబోర్డ్ శృతిలో ఉంటాయి, అంటే ఆక్టేవ్‌ని (స నుంచి పై స దాకా) పన్నెండు సమాన భాగాలు చేసిన శృతి. తంబురాలోంచి పుట్టే గాంధారం కీబోర్డ్ గాంధారం కంటే 14 సెంట్లు తక్కువ (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). కార్డ్స్ కోసం యాప్ సరిపోతుంది, కానీ గొంతు శృతి సరిచూసుకోవాలన్నా, రికార్డింగ్‌లో సింగర్ పిచ్ జడ్జ్ చేయాలన్నా తంబురా యాప్ పెట్టుకుని విను. నీ మిక్సింగ్‌కీ ఇది ముఖ్యం, ఎందుకంటే ట్యూనింగ్ ప్లగిన్ పెట్టి తోడి గాంధారాన్ని గీత మీద నిలబెట్టేసిన భక్తి పాటలు ఈమధ్య ఎక్కువ వింటున్నాను, చాలా బాధగా ఉంటుంది. ఆ గాంధారం ఊగుతూనే ఉండాలి, ఊపు తీసేస్తే అక్కడ తోడి లేదు. ఆ తేడా ఏ యాపూ నేర్పదు, విని విని తెలుసుకోవాల్సిందే.

---

ఫేడర్‌పైవేలు

గమకం గారు చెప్పినదానికి నేను కలిపేది ఏం లేదు, మ్యూజిక్ వైపు అది ఫైనల్. మిక్సింగ్ వైపు నేను చెప్తా, హైదరాబాద్‌లో స్టూడియోలో చేస్తాను, డబ్బింగ్ మిక్స్‌లూ ప్రైవేట్ ఆల్బమ్స్‌వీ.

ముందు ఒకటి క్లియర్‌గా, స్వరం గుర్తుపట్టే చెవి వేరు, టోన్ గుర్తుపట్టే చెవి వేరు. పెద్ద పెద్ద విద్వాంసులకి కూడా 2 కిలోహెర్ట్జ్ దగ్గర 4 డీబీ (డెసిబెల్స్) పెంచితే ఏం మారిందో చెప్పడం రాకపోవచ్చు, ఇది సపరేట్‌గా నేర్చుకునే విద్య. పోలండ్‌లో వార్సా మ్యూజిక్ అకాడమీలో 1970లలోనే సౌండ్ ఇంజినీరింగ్ స్టూడెంట్స్‌కి దీన్ని ఒక సబ్జెక్ట్‌గా పెట్టి నేర్పారు, స్వరాలకి సోల్ఫేజ్ (స్వరాల పేర్లతో పాడి చెవికి నేర్పే పద్ధతి) ఉన్నట్టే టోన్‌కి సోల్ఫేజ్ అని. ఇప్పుడొచ్చిన సాఫ్ట్‌వేర్లన్నీ దాదాపు అదే దారి.

సౌండ్‌జిమ్ బ్రౌజర్‌లో నడుస్తుంది, గేమ్స్‌లా ఉంటుంది, పీక్ మాస్టర్, పాన్ గర్ల్, డాక్టర్ కంప్రెసర్ ఇలా. ఫ్రీ అకౌంట్‌లో రోజుకి కొంచెం ఆడనిస్తుంది, మిగతాది సబ్‌స్క్రిప్షన్. ఈక్యూ ఒక్కటే కాకుండా పానింగ్, రివర్బ్, లెవెల్ తేడాలు అన్నీ టచ్ అవుతాయి, రోజూ కూర్చోబెట్టే గుణం ఉంది, మొదట్లో ఆ అలవాటు పడటమే కష్టం కాబట్టి అది చిన్న విషయం కాదు. నాకు నచ్చనిది ఏంటంటే కొన్నాళ్ళకి వాళ్ళ లూప్స్ మనకి బట్టీ వచ్చేస్తాయి, స్కోర్ పెరుగుతుంది, మన సొంత సెషన్ ఓపెన్ చేస్తే అదంతా పనికిరాదు. నీ ఇంటర్వల్ యాప్ కథే మళ్ళీ.

అందుకే నేను డబ్బు పెట్టమనేది ట్రెయిన్ యువర్ ఇయర్స్ మీద. ఒకసారి కొంటే చాలు, నెల నెలా కట్టక్కర్లేదు, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. అసలు గొప్పతనం ఏంటంటే నీ పాటలు నువ్వు లోడ్ చేసుకోవచ్చు. నువ్వు మిక్స్ చేసేది తెలుగు గొంతు, తబలా, ఢోలక్, నాదస్వరం శాంపిల్స్ అయినప్పుడు రాక్ డ్రమ్స్ మీద చెవి పదును పెడితే ఎలా? నీ రికార్డింగ్స్ వేసుకో. దాంట్లో రెండు మోడ్స్ ఉంటాయి, ఒకదాంట్లో ఈక్యూ చేసి ఎక్కడ ఎంత మార్చాడో గెస్ చేయమంటాడు, రెండోదాంట్లో పాడుచేసిన సౌండ్ ఇచ్చి నువ్వు సరిచేయమంటాడు. రెండోది నిజంగా మనం రోజూ చేసే పని.

డబ్బే వద్దు అంటే హార్మన్ వాళ్ళ హౌ టు లిజన్ ఉంది, స్పీకర్లు హెడ్‌ఫోన్లు టెస్ట్ చేసే వాళ్ళ లిజనర్స్‌కి ట్రైనింగ్ ఇవ్వడానికి ఆ కంపెనీయే తయారుచేసుకున్నది, ఫ్రీగా బయటపెట్టారు. పాత సాఫ్ట్‌వేర్ కాబట్టి చూడ్డానికి బాగోదు, గేమ్ లెక్క ఉండదు, కానీ లెవెల్ పెరిగే కొద్దీ బ్యాండ్లు పెరుగుతూ చాలా క్రమంగా తీసుకెళ్తుంది. అదీ వద్దంటే రీపర్‌లోనే చేసుకో, నీ పాట ఒక ముక్కని ఐదు రకాల ఈక్యూలతో రెండర్ చేసి ఫైళ్ళకి అర్థంలేని పేర్లు పెట్టి మర్నాడు షఫుల్‌లో విను.

ఏ టూల్ అయినా పద్ధతి ఇదీ. మొదట పింక్ నాయిస్ మీద (హోరు లాంటి సౌండ్, ప్రతి ఆక్టేవ్‌లోనూ ఎనర్జీ సమానంగా ఉంటుంది కాబట్టి ఎక్కడ పెంచినా బయటపడుతుంది) 250, 500, 1కె (అంటే 1000 హెర్ట్జ్), 2కె, 4కె ఈ ఐదే పెట్టుకో, 12 డీబీ బూస్ట్. ఇవి గుర్తుపెట్టుకోవడానికి మన అచ్చులు చాలు: 250 పెంచితే ఊ అన్నట్టు ఉంటుంది, 500 ఓ, 1కె ఆ, 2కె ఏ, 4కె ఈ. నోటితో ఊ ఓ ఆ ఏ ఈ అని మెల్లగా సాగదీసి అను, నోట్లోని సౌండ్ ఎలా పైకి జరుగుతోందో నీకే వినిపిస్తుంది. నువ్వు చెప్పిన ఆ డబ్బా సౌండ్ ఎక్కువసార్లు 400, 500 చుట్టూ ఉంటుంది, ముక్కుతో పాడినట్టు ఉంటే 1కె దగ్గర వెతుకు, మాటల్లో స అనే అక్షరం చప్పుడు ఎక్కువ కొడుతుంటే 5 నుంచి 8కె మధ్య, ష శ అయితే ఇంకొంచెం కిందికి.

తర్వాత పాటల మీద, 12 నుంచి 6 డీబీకి, ఆపైన బూస్ట్ వదిలి కట్స్. కట్స్ వినడం చాలా కష్టం, ఉన్నది పట్టుకోవడం కంటే పోయింది పట్టుకోవడం ఎప్పుడూ కష్టమే, అక్కడ ఆగిపోకు. వాల్యూమ్ మ్యాచ్ చేసుకోవడం అస్సలు మర్చిపోవద్దు. 6 డీబీ పెంచితే మొత్తం సౌండ్ కూడా పెరుగుతుంది, నీ చెవి ఫ్రీక్వెన్సీని వదిలేసి లౌడ్‌నెస్‌ని పట్టుకుంటుంది, లౌడ్‌గా ఉన్నదే బాగుంది అనిపిస్తుంది.

క్విజ్‌టోన్స్ ఫోన్‌లో ప్రయాణాల్లో చేసుకోవడానికి ఓకే. సైన్ టోన్ (ఒకే ఒక్క ఫ్రీక్వెన్సీ ఉన్న సౌండ్) క్విజ్‌లు మాత్రం మిక్సింగ్‌కి పెద్దగా ఉపయోగపడవు అని నా ఒపీనియన్, పాటలో సైన్ టోన్ ఎక్కడుంది.

---

మైక్‌సెట్_మనిషి

ఫేడర్ అన్నా, స్టూడియోలో కూర్చునేవాళ్ళకి సైన్ టోన్ అక్కర్లేదేమో, మాకు అదే బతుకుతెరువు. మైకు కూత పెట్టిందంటే అది సైన్ టోనే, ఫంక్షన్ హాల్లో పంతులుగారి కాలర్ మైక్ కూస్తున్నప్పుడు ఏ ఫ్రీక్వెన్సీ అని వెతుక్కునే టైమ్ ఉండదు, చెయ్యి తిన్నగా ఆ స్లైడర్ మీదకే పోవాలి. ఈ తమ్ముడు కూడా స్టేజీ మనిషే కాబట్టి చెప్తున్నా. సింపుల్ ఫీడ్‌బ్యాక్ ట్రైనర్ అని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, గ్రాఫిక్ ఈక్యూ చూపించి ఫీడ్‌బ్యాక్ వినిపిస్తుంది, కరెక్ట్ స్లైడర్ దించితే ఆగుతుంది. మా కుర్రాళ్ళందరికీ నేను మొదట అదే ఇస్తా.

కీబోర్డ్ ఆర్టిస్ట్‌వి కాబట్టి నీకు ఇంకా ఈజీ. 31 బ్యాండ్ గ్రాఫిక్ ఈక్యూలో (31 స్లైడర్లు ఉండేది) స్లైడర్‌కీ స్లైడర్‌కీ మధ్య ఆక్టేవ్‌లో మూడో వంతు, అంటే సరిగ్గా నాలుగు మెట్లు. ఇప్పుడు కీబోర్డ్‌లో మిడిల్ సి పక్కనున్న కింది బి నొక్కు, అది 247, అంటే 250 స్లైడర్. దానిపైన డి షార్ప్ 311, అది 315 స్లైడర్. తర్వాత జి 392, అది 400. మళ్ళీ బి వస్తే 494, అది 500. ఇలా పైదాకా బి, డి షార్ప్, జి ఇవే తిరుగుతుంటాయి, 1కె బి, 1.25 డి షార్ప్, 1.6 జి, 2కె బి. 61 కీల కీబోర్డ్‌లో పైన చివరి బి దగ్గరే 2కె అయిపోతుంది, 4కె వినాలంటే ఆక్టేవ్ బటన్ నొక్కాలి. కూత ఏ నోట్‌లో ఉందో నీ చెవి చెప్పేస్తే స్లైడర్ తెలిసిపోయినట్టే. బిని షడ్జం అనుకుంటే స, అంతర గాంధారం, శుద్ధ ధైవతం, మళ్ళీ స, అంతే.

ఇంకో సంగతి ఎవరూ అడగరు, నేను అడుగుతా. స్టేజీ మీద నీ పక్కన ఏముంటుంది, ప్యాడ్స్ స్పీకరా, డ్రమ్సా? చెవి ట్రైనింగ్‌కి ముందు చెవి ఉండాలి. అమెరికాలో నియోష్ అనే ప్రభుత్వ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు పరిమితి, అక్కడినుంచి ప్రతి 3 పెరిగేకొద్దీ టైమ్ సగం, 94కి గంట, 100కి పావుగంట. మన రిసెప్షన్లలో మానిటర్ పక్కన 100 అనేది వింతేం కాదు, అక్కడ నువ్వు మూడు నాలుగు గంటలు నిలబడతావు. ఐఫోన్ ఉంటే నియోష్ వాళ్ళ మీటర్ యాప్ ఫ్రీ, ఒకసారి పెట్టి చూడు. మ్యుజీషియన్స్ వాడే ఇయర్‌ప్లగ్స్ కొను, ఏ సాఫ్ట్‌వేర్ కంటే ముందు అవి. ప్రోగ్రాం అయిన రాత్రి చెవిలో గీ అని మోగుతుంటే ఆ రాత్రీ మర్నాడు పొద్దున్నా ట్రైనింగ్, మిక్సింగ్ రెండూ వద్దు.

---

నాలుగుగోడలు

ఎవరూ 10 బై 10 రూమ్ సంగతి ఎత్తలేదు. పది అడుగులంటే 3.05 మీటర్లు, ఎదురెదురు గోడల మధ్య నిలబడిపోయే మొదటి అల దాదాపు 56 హెర్ట్జ్. పొడవు వెడల్పు రెండూ అంతే కాబట్టి రెండు వైపులా అదే ఫ్రీక్వెన్సీ, సీలింగ్ కూడా పది అడుగులైతే మూడు వైపులా. బేస్ గిటార్ ఓపెన్ ఎ స్ట్రింగ్ 55. అంటే ఆ నోట్ మూలల్లో బొయ్యిమని మోగుతుంది, రూమ్ సరిగ్గా మధ్యలో కూర్చుంటే మాయమవుతుంది. ఆ రూమ్‌లో స్పీకర్ల మీద లో ఎండ్ (బేస్ వైపు) ట్రైనింగ్ చేస్తే నువ్వు నేర్చుకునేది రూమ్‌ని. 200 హెర్ట్జ్ కిందివన్నీ హెడ్‌ఫోన్స్‌లోనే చెయ్యి. బ్లూటూత్ వద్దు, వైర్ ఉన్నవే. ఎప్పుడూ ఒకే హెడ్‌ఫోన్స్, ఒకే వాల్యూమ్, నాబ్ దగ్గర మార్కర్‌తో గీత పెట్టుకో, వాల్యూమ్ మారితే చెవికి బేస్, ట్రెబుల్ వినిపించే తీరే మారిపోతుంది, 1933లో ఫ్లెచర్, మన్సన్ ఇద్దరూ కొలిచి చూపించింది అదే.

---

నల్లమెట్లు_తెల్లమెట్లు

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. బి, డి షార్ప్, జి సంగతి చదివి వెంటనే వెళ్ళి టోన్ జనరేటర్ పక్కన పెట్టి నొక్కి చూశా, నిజంగా అలాగే ఉంది! ఇన్నేళ్ళు కీబోర్డ్ ముందు కూర్చుని ఈక్యూని వేరే ప్రపంచం అనుకున్నా.

ఫంక్షనల్ ఇయర్ ట్రైనర్ డౌన్‌లోడ్ చేశా, ట్రెయిన్ యువర్ ఇయర్స్ ఈ సీజన్ డబ్బులు రాగానే కొంటా, ఈలోపు హార్మన్‌ది. ఇయర్‌ప్లగ్స్ మాత్రం ఈ వారమే. రెండు డౌట్లు. రోజుకి ఎంతసేపు చేయాలి? కంప్రెషన్ (పెద్ద సౌండ్‌ని నొక్కి తగ్గించే ఎఫెక్ట్) వినడానికి ఏం చేయాలి, అది నాకు అసలు వినపడట్లేదు, నాబ్ తిప్పితే సౌండ్ తగ్గింది పెరిగింది అంతే తెలుస్తోంది.

---

గమకం

పొద్దున్నే పదిహేను నిమిషాలు తంబురాతో, తర్వాత యాప్ పది నిమిషాలు. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే రోజూ కాసేపు నయం. సరళీ జంట వరుసలు మళ్ళీ తియ్యి, అకారంలో పాడి, ఎక్కడైనా ఆపి ఇది ఏ స్వరం అని నిన్ను నువ్వే అడుగు. మాయామాళవగౌళ ఒక్కటే కాకుండా శంకరాభరణం, ఖరహరప్రియ స్వరస్థానాల్లో కూడా అవే వరుసలు పాడు, మేజర్ మైనర్ రెండూ చెవిలో కూర్చుంటాయి, కార్డ్స్‌కి నేరుగా పనికొస్తుంది.

---

ఫేడర్‌పైవేలు

ఈక్యూ కూడా ఇరవై నిమిషాలు మించొద్దు, ఆపైన చెవి అలసిపోయి తప్పులే ప్రాక్టీస్ అవుతాయి.

కంప్రెషన్ అందరికీ ఆలస్యంగానే వినపడుతుంది, అందులో కంగారుపడాల్సింది లేదు. గొంతు మీద మొదలుపెట్టకు, ఒక డప్పు లూపో ఢోలక్ లూపో తీసుకో, దెబ్బ క్లియర్‌గా ఉండాలి. రేషియో 10కి 1, త్రెషోల్డ్ (ఎంత లెవెల్ దాటితే నొక్కాలి అన్నది) బాగా దించు, గెయిన్ రిడక్షన్ (ఎంత నొక్కింది అన్నది) 12, 15 డీబీ కనిపించాలి, సౌండ్ చెడిపోతుంది, పర్లేదు, కావాల్సింది అదే. తగ్గిన లెవెల్‌ని మేకప్ గెయిన్‌తో బైపాస్ లెవెల్‌కి (కంప్రెసర్ ఆపితే వచ్చే లెవెల్) సమానం చెయ్యి, ఇది చేయకపోతే నువ్వు చెప్పిన పెరిగింది తగ్గింది తప్ప ఇంకేం వినపడదు. ఇప్పుడు అటాక్ (నొక్కడానికి తీసుకునే టైమ్) 1 మిల్లీసెకండ్ దగ్గర పెట్టి విను, దెబ్బ మొద్దుబారి వెనక్కి పోతుంది. మెల్లగా 50 దాకా తీసుకెళ్ళు, ఎక్కడో ఒకచోట కర్ర తగిలిన చప్పుడు మళ్ళీ ముందుకొస్తుంది, ఆ చోటు పట్టుకో. తర్వాత అటాక్ వదిలేసి రిలీజ్ (నొక్కడం వదలడానికి తీసుకునే టైమ్) ఒక్కటే తిప్పు, తక్కువ పెడితే దెబ్బకీ దెబ్బకీ మధ్య రూమ్ సౌండ్ ఉబ్బి పైకొస్తుంది, ఎక్కువ పెడితే రెండో దెబ్బ వచ్చేసరికి ఇంకా నొక్కే ఉంటుంది. ఒకసారికి ఒక్క నాబ్, రెండు ముట్టుకోవద్దు. అది క్లియర్‌గా వినపడ్డాక రేషియో 4కి తగ్గించు, ఆపైన 3 డీబీ రిడక్షన్‌కి రా, గొంతు మీదకి అప్పుడు వెళ్ళు. చేశాక లూప్ ఇక్కడ పెట్టు, నేనూ విని చెప్తా.